ఆఖరి వరుసలో మూలుగు

స్టూడియో, మిక్సింగ్ గది
ఫిబ్రవరి 6

బావకి,

ఎలా ఉన్నావని అడగను. నీకు దగ్గు తగ్గలేదనీ, మందు వేసుకోమంటే మొహం తిప్పుకుంటావనీ అక్క పోయిన వారమే రాసింది. అందులో కొత్తేముంది? ఈ ఉత్తరం అక్క మొగుడికి కాదు, సినిమా హాలు ఆపరేటరుగారికి. నీతో పని పడింది.

ఇన్నాళ్లూ ఒకరి చేతికింద చప్పుళ్లు అతికిన నాకు మొదటిసారి ఒక సినిమా సౌండంతా అప్పజెప్పారు. హంతకుడి కథ. పన్నెండు రీళ్లు. పదకొండో రీలే దీనికి ప్రాణం. హీరోయిను చీకట్లో అటక మీదికి మెట్లెక్కుతూ ఉంటుంది. హంతకుడు ఆ ఇంట్లోనే ఉన్నాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. తెర మీద మెట్లూ, ఆమె పాదాలూ తప్ప ఏమీ కనిపించవు. అంటే భయపెట్టాల్సింది బొమ్మ కాదు, నేను. జనం భయమేస్తే కళ్లు మూసుకుంటారు బావా, చెవులు మూసుకోలేరు. మా బతుకుతెరువంతా దాని మీదే.

ఆ మెట్ల దగ్గర హాలు వెనక స్పీకర్లలోంచి ఒక మూలుగు వచ్చేటట్టు పెట్టాను. ప్రేక్షకుడి వీపు వెనక నుంచి, ఎవరో చావబోతున్నట్టు. ఇక్కడ మిక్సింగ్ గదిలో వింటే నాకే వెన్ను జలదరించింది. కానీ మేము నలుగురం భయపడితే ఏం లాభం? టిక్కెట్టు కొన్నవాడు భయపడాలి. అందుకని విడుదలకు ముందు ఎక్కడో దూరంగా, కథ తెలియని జనం మధ్య మూడు నాలుగు ట్రయల్ షోలు వేద్దామన్నారు నిర్మాత. మీ హాల్లో వెనక స్పీకర్లు కొత్తగా బిగించారని చెప్పి ఒప్పించాను. ప్రింటు వచ్చే వారం నీకు చేరుతుంది. ఎక్కడ దగ్గారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి, అన్నీ రాయి. మొహమాటపడకు.

ఒక్క మాట. పదకొండో రీలు పండకపోతే సౌండు ఇంకొకరికి ఇచ్చేస్తానని దర్శకుడు మొహం మీదే చెప్పాడు. ఈ మాట అక్కకి చెప్పకు.

నీ బావమరిది

*

ప్రొజెక్టర్ గది
ఫిబ్రవరి 20

బావమరిదీ,

మొహమాటపడకు అన్నావు కాబట్టి చెబుతున్నా, కళ్లనీళ్లు పెట్టుకోకు. నీ మూలుగుకి జనం నవ్వారు.

అబద్ధం కాదు. అమ్మాయి మెట్లెక్కుతోంది, హాలు మంచి పట్టు మీద ఉంది. అంతలో వెనక నుంచి నీ మూలుగు వచ్చింది. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. అక్కడేముంది? గోడకి నల్ల స్పీకరు. ఎవడో "కడుపునొప్పేమోరా, వాము పెట్టండి" అన్నాడు. ఇంకేముంది, హాలంతా ఒకటే నవ్వు. నీ హంతకుడు ఆ తర్వాత కత్తి తీసినా పట్టించుకున్నవాడు లేడు.

ఇరవై రెండేళ్లుగా ఈ కిటికీలోంచి జనం తలకాయలు చూస్తున్నవాణ్ణి, నా మాట విను. చప్పుడు వస్తే మనిషి అది ఎక్కడిదని వెతుకుతాడు. దొరికాక భయం పోతుంది. రావాల్సిన చప్పుడు రాకపోతే ఎక్కడని వెతుకుతాడు? ఆ మూలుగు పీకి పారేయ్. మెట్ల కిర్రు కూడా తగ్గించు. మిగతాది నేను చూసుకుంటాను.

ఎలాగంటావా? మా హాల్లో ఇరవై ఎనిమిది ఫ్యాన్లు. వాటి హోరు ఎవరికీ వినపడదు, ఎందుకంటే ఎప్పుడూ ఉంటుంది. మెయిన్ స్విచ్చి నా గదిలోనే ఉంది. ఆ అమ్మాయి మొదటి మెట్టు మీద కాలు పెట్టే ముందు ఫ్యాన్లు ఆపేస్తాను. రెక్కలు మెల్లగా నిలబడతాయి, హోరు చచ్చిపోతుంది. ఏం మారిందో ఎవడికీ తెలియదు గానీ అందరికీ గొంతు తడారిపోతుంది. నిన్న వేరే సినిమాకి చేసి చూశాను. పిట్ట కూత లేదు.

ఇంకో సంగతి. అద్దం వెనక కూర్చున్న నాకు హాలు సగమే వినపడుతుంది. అందుకని గేటు మామని పట్టుకున్నాను. నీకు గుర్తుండదేమో, ముప్పై ఏళ్లు మా గేటు దగ్గర టిక్కెట్లు చింపి కిందటేడు మానేశాడు. ఇంటి దగ్గర తోచక రోజూ వస్తూనే ఉంటాడు. ఆఖరి వరుసలో, సరిగ్గా నా గది కింద కూర్చుని జనం గుసగుసలు వినిపెట్టమన్నాను. నవ్వినవాణ్ణి, ఏడ్చినవాణ్ణి సీటు నెంబరుతో సహా చెబుతున్నాడు. "నాకు ఉద్యోగం మళ్లీ ఇచ్చావు ఆపరేటరూ" అని సంబరపడుతున్నాడు. కాస్త ఆయాసం ఉంది గానీ మనిషి గట్టివాడే.

మీ అక్కకి చెప్పలేదు. ఆవిడే మొహం చూసి కనిపెట్టేసింది, నన్నేం చేయమంటావు?

బావ

*

స్టూడియో, మిక్సింగ్ గది
మార్చి 3

బావా,

నవ్వారన్న ముక్క దగ్గర ఉత్తరం మడిచేసి ఓ గంట బయట తిరిగొచ్చాను. తర్వాత మిగతాది చదివాను. నువ్వే కరెక్టు, నేనే పప్పులో కాలేశాను. ఏం చెయ్యను, పాపిష్టి మూలుగు, నెల్లాళ్లు కష్టపడ్డాను దాని మీద.

పీకేశాను. మొత్తం పీకేశాను. ఇప్పుడు ఆ ఐదు నిమిషాల్లో ఆమె ఊపిరి తప్ప దాదాపు ఏమీ లేదు. అది కూడా మొదట మామూలుగా, పై మెట్టుకి వచ్చేసరికి కొంచెం పొట్టిగా అయ్యేటట్టు చేశాను. చూసేవాడికి తెలియకుండానే అతని ఊపిరి ఆమె ఊపిరితో కలుస్తుంది. తర్వాత ఒక్క క్షణం ఆమెది ఆపేస్తాను. అతనిదీ ఆగిపోవాలి. అప్పుడు తలుపు ధడేలుమంటుంది.

దర్శకుడు విని, "ఇది సౌండా, సౌండు లేకపోవడమా?" అన్నాడు. చూడండి అన్నాను. ఇదే ఆఖరు అన్నాడు. కొత్త పదకొండో రీలు ఈ వారమే బయల్దేరుతుంది. ట్రయల్ షో పదిహేనో తారీఖున కాబట్టి ఆలోపు చేరాలి.

నీ ఫ్యాన్ల మాట ఎవరికీ చెప్పలేదు. ఆ ఐదు నిమిషాలూ ఆపేసే ఉంచు బావా. మధ్యలో వేయకు, ఎంత ఉక్కపోసినా సరే. నా ఉద్యోగం నీ చేతిలో స్విచ్చికి వేలాడుతోంది.

నీ బావమరిది

*

ప్రొజెక్టర్ గది
మార్చి 15, ఆఖరి రీలు నడుస్తుండగా

ఒరే దొంగా!

పీకేశాను పీకేశాను అని ఉత్తరం రాసి, మూలుగు మళ్లీ పెట్టావా? అదీ ఎంత బాగా పెట్టావు! హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.

రీలు ఇవాళ షోకి గంట ముందు చేరింది. వేసి చూసుకునే వ్యవధి లేక నేరుగా ఎక్కించేశాను. ఆ అమ్మాయి మెట్ల దగ్గరికి రాగానే ఫ్యాన్లు ఆపాను. హాలు నిండుగా ఉంది, నాలుగొందల మంది. నా చిన్న కిటికీ తెరిచి చెవి బయటికి పెట్టాను. సూది పడితే వినపడేట్టుంది. అప్పుడొచ్చింది, వెనక నుంచి. వెనకటి దానిలా బారెడు మూలుగు కాదు. గొంతులోనే ఆగిపోయినట్టు, ఎవరో పిలవబోయి పిలవలేకపోయినట్టు. ఒళ్లంతా గగుర్పొడిచింది.

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిరగలేదు! హాలు హాలంతా బిగుసుకుపోయింది. నిమిషం తర్వాత ఇంకోటి, ముందుదానికన్నా చిన్నది. ఒకావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. మూడోది మరీ చిన్నది, విన్నామో లేదో అన్నట్టుంది. ఆ తర్వాత తలుపు ధడేలుమంటే నాలుగొందల మందీ కేకపెట్టారు. ఇరవై రెండేళ్లలో ఇలాంటి కేక వినలేదు.

నీ ఉద్యోగానికి ఢోకా లేదు. గేటు మామ ఏం చెబుతాడో వినాలి, ఆయన పక్కనే కదా అంతా జరిగింది. ఈ లోపలే నీకు రాసేయాలనిపించింది. రీలు ఇంకా ఐదు నిమిషాలుంది. బయటి మెట్ల కింద పోస్టు డబ్బాలో వేసి వచ్చేస్తాను.

బావ

*

స్టూడియో, మిక్సింగ్ గది
మార్చి 24

ప్రియమైన బావా,

నీ ఉత్తరం దర్శకుడు అందరి ముందూ పైకి చదివాడు. రెండుసార్లు. చదివి నా భుజం తట్టాడు. ఆరేళ్లలో ఎవరూ తట్టని భుజం. వచ్చే రెండు సినిమాలు కూడా నాకేనన్నాడు నిర్మాత. నీ కాళ్లకి దణ్ణం పెట్టాలి.

కానీ ఒక చిక్కుంది. ఆ మూలుగు నేను పెట్టలేదు.

నిజం బావా. అక్కడ ఆమె ఊపిరి తప్ప మరేమీ లేదు. పాత రీలు ముక్క ఏదైనా కలిసిందేమోనని ల్యాబుకి వెళ్లి అడిగాను, లేదన్నారు. హాల్లో ఎవడో ఆకతాయి చేసుంటాడని నా అనుమానం. ఎవడైతేనేం, మనకు మేలు చేశాడు. దర్శకుడు మాత్రం పట్టుబట్టాడు. "ఆపరేటరు విన్నది విన్నట్టుగా నాకు కావాలి, అక్కడే, మూడుసార్లు" అన్నాడు. నా గొంతుతోనే పదకొండు రకాలుగా మూలిగి రికార్డు చేశాను. ఏదీ నువ్వు రాసినట్టు లేదు. కాస్త వివరంగా రాయి. ముక్కులోంచా, ఛాతీలోంచా? ఎంతసేపుంది? చివర్లో గాలి వదిలాడా, బిగబట్టాడా? గేటు మామని కూడా అడుగు, ఆయనకు దగ్గరగా వినపడి ఉంటుంది.

నీ ఉత్తరం నిర్మాత తన దగ్గరే ఉంచుకున్నాడు. పోస్టరు మీద వేయడానికి నాలుగు ముక్కలు పనికొస్తాయట. నీ రాత అచ్చులో చూసుకుందువుగాని.

నీ బావమరిది

*

ఇల్లు
ఏప్రిల్ 2

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. జవాబు రాయడానికి కూర్చుని మూడుసార్లు లేచిపోయాను.

గేటు మామ పోయాడు. ఆ రోజే. ఇన్నాళ్లూ నీకు రాయలేకపోయాను.

షో అయిపోయి, లైట్లు వేసి, జనం వెళ్లాక ఊడ్చే ఆవిడ వచ్చి, "మామ నిద్రపోతున్నాడు, లేవట్లేదు" అంది. దిగి చూశాను. తల పక్కకి వాలిపోయి ఉంది. చొక్కా తడిసి ముద్దయింది. కుడిచెయ్యి ముందు సీటు మీద పడి ఉంది, ఎవరినో తట్టబోయినట్టు. ఇంకా వెచ్చగానే ఉన్నాడు. ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. డాక్టరు, "గుండె ఆగింది. ఓ అరగంట ముందు తెచ్చుంటే ఏమైనా చేయగలిగేవాళ్లం" అన్నాడు. అరగంట ముందు నేను నీకు ఉత్తరం రాస్తున్నాను.

అప్పటికీ నాకు తట్టలేదు, నమ్ముతావా? పెద్దవయసు, ఆయాసం, సినిమా చూస్తూ పోయాడు అనుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో పడుకుంటే నీ మూలుగు గుర్తొచ్చింది. తెల్లారగానే హాలుకి పోయి, ఖాళీ హాల్లో పదకొండో రీలు వేసి విన్నాను. మూలుగు లేదు. రివైండు చేసి మళ్లీ వేశాను. లేదు. నాలుగోసారి కూడా వేశాను. అప్పటికి నాకు తెలుసు, అయినా వేశాను.

ముక్కులోంచా, ఛాతీలోంచా అని అడిగావు. ఛాతీలోంచే. చివర్లో గాలి వదల్లేదు.

ఆయన పిలుస్తూ ఉంటే నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి భలే అనుకున్నాను. చుట్టూ నాలుగొందల మంది ఉన్నారు. వాళ్లనేమనను? వెనక నుంచి వచ్చే చప్పుడు సినిమాలోదేనని వాళ్లకి నేర్పింది మనం. వెనక్కి తిరిగితే నవ్వులపాలవుతామని నేర్పింది కూడా మనమే. పైగా ఉక్క. ఆయాసమున్న మనిషిని నిండు హాల్లో కూర్చోబెట్టి ఫ్యాన్లు ఆపాను.

మామకి ఒక్కతే కూతురు, ప్రెస్సులో కాగితాలు కత్తిరించే పని చేస్తుంది. ఆమె వచ్చినప్పుడు మా మేనేజరు, "నిద్రలోనే పోయాడమ్మా, ఏ బాధా లేదు, అదృష్టవంతుడు" అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నావైపు చూసింది. అవునన్నట్టు తలూపాను.

మూలుగు పెట్టకు. నీకు దణ్ణం పెడతాను. ఆ ఉత్తరం వెనక్కి తీసుకుని చింపేయ్.

*

స్టూడియో
ఏప్రిల్ 12

బావగారికి,

ఎన్నిసార్లు చదివినా అక్షరాలు మారలేదు. నీ మీద కోపం రాలేదు, ముందే చెబుతున్నాను. ఫ్యాన్లు మధ్యలో వేయకు అని రాసింది నేను.

దర్శకుడి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పోనీలే, మనిషే అనుకున్నాను. అంతలో, "మూడిటి మధ్యా ఎంతెంత గ్యాపు ఉందో అడిగావా?" అన్నాడు.

మూలుగు అప్పటికే ప్రింట్లలోకి వెళ్లిపోయింది బావా. నీ ఉత్తరం అందేలోపే. ఏడో రకం మూలుగు, నా గొంతు. ఉత్తరం తిరిగివ్వమని నిర్మాతని అడిగాను. "పేర్లు వేయట్లేదుగా, నీకెందుకు నొప్పి?" అన్నాడు. పోస్టరు ప్రతి ఊళ్లోనూ అచ్చవుతుంది.

నేను అరిచి ఉండొచ్చు. బయటికి వచ్చేసి ఉండొచ్చు. రాలేదు. నీకు అబద్ధం చెప్పలేను. ఆరేళ్లు నేల మీద పడుకుని ఈ కుర్చీ దాకా వచ్చాను. లేవడానికి కాళ్లు రాలేదు.

నువ్వు కూడా ఆ అమ్మాయికి చెప్పకు. నిద్రలో పోయాడన్న మాట పట్టుకుని ఆమె బతుకుతుంది. చెబితే ఏం మిగులుతుంది ఆమెకి? నీ మనసులో బరువు దింపుకోవడానికి ఆమె మీద పెడతావా? నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది, మామ తిరిగిరాడు. ఇదంతా నా స్వార్థమే అనుకో, కానీ అబద్ధమని అనలేవు. కావాలంటే అక్కని అడుగు.

నీ బావమరిది

*

ఇల్లు
ఏప్రిల్ 28

బావమరిదికి,

మీ అక్కని అడగమన్నావు. అడిగాను. నీ ఉత్తరమూ చూపించాను. చదివి మడతపెట్టి, "వాడు చిన్నవాడు. మీరెప్పుడు వెళ్తున్నారు?" అంది.

అయినా నేను వెళ్లలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగా మామ కూతురే వచ్చింది.

నిన్న మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. ప్రొజెక్టరు తుడుస్తున్నాను. తలుపు దగ్గర చప్పుడైతే చూశాను. చేతిలో పోస్టరు కాగితం, ఇంకా అంచులు కత్తిరించనిది. మన ఊరి పోస్టర్లు వాళ్ల ప్రెస్సులోనే వేస్తున్నారట. కత్తెర బల్ల మీదికి రాగానే చదివిందట. ఎర్రటి అక్షరాలు, ఒక్కోటి అరచేయంత. "వెనక నుంచి మూలుగు... హాలంతా బిగుసుకుపోయింది... ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిరగలేదు!" కింద చిన్న అక్షరాలతో, మార్చి 15 ట్రయల్ షో చూసిన ఒక ఆపరేటరు, అని ఉంది. తారీఖు కూడా వేశారు. దాంతో జనానికి నమ్మకం పెరుగుతుందనుకున్నాడేమో మీ నిర్మాత.

"ఆ రోజు ఆపరేటరు మీరేగా?" అంది.

నేనే అన్నాను.

"మా నాన్న మూలిగాడా?"

నీ ఉత్తరంలో రాసినవన్నీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చాయి. ఒక్క మాట చాలు, సినిమాలోదమ్మా అంటే సరిపోయేది. ఇప్పుడు సినిమాలో ఉంది కూడా, కొత్త ప్రింటు రాగానే వేసి వినిపించవచ్చు. నువ్వు ఆ సదుపాయం కూడా చేసిపెట్టావు. నా నోటిదాకా వచ్చింది ఆ మాట. ఆమె మొహం చూస్తూ అనలేకపోయాను.

"మూడుసార్లమ్మా" అన్నాను.

తర్వాత అన్నీ చెప్పాను. మామని అక్కడ కూర్చోబెట్టింది నేనని, ఫ్యాన్లు ఆపింది నేనని, విని సంతోషపడ్డానని, ఉత్తరం డబ్బాలో వేయడానికి బయటి మెట్లు దిగానని, హాల్లోకి దిగే లోపలి మెట్లు దిగలేదని. మేనేజరు అబద్ధం చెబుతుంటే తలూపానని. ఆమె ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండేది. పోస్టరు బల్ల మీద పెట్టి, లోపలి మెట్ల తలుపు ఏదని అడిగింది. చూపించాను.

దిగి ఆఖరి వరుసలోకి వెళ్లింది. ఏ సీటని అడిగింది. చెప్పాను. అందులో కూర్చుంది. కూర్చుని, తల ఎత్తి నా కిటికీ కేసి చూసి, "మీరు పైకెళ్లండి. నేను పిలిస్తే దిగి రండి" అంది.

ఎందుకో అర్థం కాలేదు. వెళ్లాను. ప్రొజెక్టరు పక్కన, ఆ రోజు నిలబడిన చోటే కిటికీ తెరిచి నిలబడ్డాను. కింద నుంచి, "రండి" అని మామూలు గొంతుతో అంది. గట్టిగా కూడా పిలవలేదు. నాకు స్పష్టంగా వినపడింది. తలుపు తీసి, మెట్లు దిగి, వరుస చుట్టూ తిరిగి ఆమె ముందుకెళ్లి నిలబడ్డాను. పరిగెత్తలేదు, మోకాళ్ల నొప్పి కదా, నా మామూలు నడకే.

చేతి గడియారం చూసుకుంటోంది.

"ఇంతసేపేనా?" అంది.

"ఇంతేనమ్మా" అన్నాను.

బావ